విత్తుల కాయ

ఆ ఏడు వానలు విరగబడి కురిసి గుమ్మడి తీగెను ఆగం ఆగం చేశాయి. పూసినంత పూసి పూత రాలిపోయింది. పడ్డ పిందెలు పడ్డట్టే మురిగిపోయాయి. చివరకు మగ్గాల అర్ర మీద, గూన పెంకల నడుమ ఒకే ఒక్క కాయ నిలిచింది. నిలిచింది గానీ ఏం కాయ అది! తొనలు తొనలుగా, బొద్దుగా, ఒడిలో పెట్టుకుంటే ఒడి నిండేంత. చంద్రవ్వ పొద్దున లేచి మొహం కడుక్కోకముందే వాకిట్లో నిలబడి ఒకసారి దాని దిక్కు చూసేది, కోతులు ఎత్తుకపోలేదు కదా, కాడ వాడలేదు కదా అని. దానికి ఆమె విత్తుల కాయ అని పేరు పెట్టుకుంది. అంటే దాన్ని ఎవ్వరూ ముట్టొద్దు. తీగె మీదనే పండాలి, గింజ గట్టిపడాలి, వచ్చే ఏటి విత్తనం దానిలోంచే రావాలి.

ఆ పేరు విన్నప్పుడల్లా అత్త కిష్టవ్వ మూతి తిప్పేది.

"విత్తుల కాయనట విత్తుల కాయ! తినేదానికి లేదు గానీ దాసుకునేదానికి పుట్టింది."

పెత్తరమాస సోమవారం అనగా, బేస్తవారం మధ్యాహ్నం బావ అంతయ్య ఆ కాయకు ఇంకో పేరు పెట్టాడు. అతడు మగ్గం దిగి వచ్చి పీట మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. తోడికోడలు సత్తమ్మ పక్కన కూర్చుని వడ్డిస్తోంది. చంద్రవ్వ అరుగు మీద రాట్నం ముందు కండెలు చుడుతోంది. కిష్టవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. జరంతో నీరసించిన ఆండాలు, అంతయ్య చిన్నబిడ్డ, నాయనమ్మ తొడ మీద తల పెట్టి పడుకుంది.

"అర్ర మీది కాయ పండింది గదా," అన్నాడు అంతయ్య, రొట్టె తుంచుతూ, ఎవరి వైపూ చూడకుండా. "అది పెత్తరమాస కాయ జేద్దాం. ఐతారం నాడు దింపుత. ఈయేడు బాపుతోని పాటు సాంబయ్య పేర గూడ బియ్యమిద్దాం."

రాట్నం ఆగలేదు గానీ దారం తెగింది. తెగిన కొసను చంద్రవ్వ వెతుక్కుంది. అది కండె మీదే ఉంది, ఎదురుగానే ఉంది, అయినా కనిపించలేదు.

పెత్తరమాస అంటే పోయినవాళ్ళ అమావాస్య. ఆ పొద్దు అయ్యగారిని పిలిచి, పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు చాటలో పెట్టి ఇస్తారు. పెరటి గుమ్మడికాయ ఉంటే అది కాడ ఊడకుండా, కత్తి గాటు పడకుండా నిండు కాయగా పోవాలి. ఆ చాట ముందు ఒక మనిషి పేరు పలికారంటే ఇక ఆ మనిషి కోసం తలుపు తెరిచిపెట్టే పని లేదన్నమాట. చంద్రవ్వ మొగుడు సాంబయ్య పేరు ఇన్నేళ్ళుగా ఆ చాట ముందు ఎవ్వరూ పలకలేదు. ఆమె నుదుటి బొట్టు, చేతుల గాజులు ఆ పలకని పేరు మీదే నిలబడి ఉన్నాయి.

"బావా," అంది చంద్రవ్వ.

"నాకు మాత్రం తమ్ముడు కాడా చంద్రవ్వా? ఏడేండ్లాయె. ఉన్నోడైతే ఒక్కసారన్న రాడా? పోనీ, ఎవ్వలతోనన్న ఒక్క మాటన్న చెప్పి పంపడా?" అంతయ్య చెయ్యి రొట్టె మీదే ఆగింది. "పిల్లను చూడు. పగలంత మంచిగుంటది, పొద్దుగూకితే జరం. అయ్యగారినడిగిన. మీ ఇంట్ల ఒకనికి నీళ్ళు ముట్టలే, తిరుగుతుండు అన్నడు. తిరుగుతున్నోడు నా తమ్ముడే అయితే, పాపం, వాన్నట్ల తిరగనిస్తనా?"

అంతయ్య చెడ్డవాడైతే ఎంత బాగుండేది! అరిచేది, శాపనార్థాలు పెట్టేది, చాట లాగి పారేసేది. తమ్ముడి మగ్గం మీద ఇన్నేళ్ళుగా చాప కప్పి ఉంచింది ఇతడే. ఇంకొకర్ని దాని మీద కూర్చోనివ్వంది ఇతడే. ఇటువంటి మనిషితో ఏమని కొట్లాడాలి?

"అవ్వా, నువ్వేమంటవ్?" అని తల్లిని అడిగాడు.

కిష్టవ్వ తలెత్తలేదు. వేళ్ళు బియ్యంలో రాళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. చాటను ఒకసారి చెరిగి, ఊక ఊది, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. ఇంటి పెద్ద ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా. అంతయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ముసలిదానికి కొడుకు మీద అంతేనా, అనుకుంది చంద్రవ్వ. మనవరాలి జరం ముందు కడుపున పుట్టినవాడు కూడా కానివాడయ్యాడా! ఆ సాయంత్రమంతా ఆమె అత్త మొహం చూడలేదు.

*

ఆ విత్తనం సాంబయ్య తెచ్చిందే. ప్రాణహిత దాటి సిరొంచ సంతకు చీరెల మూట తీసుకుపోయినవాడు, ఒకసారి మూట అమ్ముకుని, కొంగున కట్టినట్టు ధోవతి కొసకు నాలుగు గుమ్మడి గింజలు ముడేసుకుని వచ్చాడు. అవతలి ఒడ్డు గోండు ముసలామె ఇచ్చిందట. పడుగుకు పట్టించగా మిగిలిన గంజినీళ్ళు పారబోసే చోట గుంట తవ్వి పెట్టాడు. గంజి తాగి తాగి ఆ తీగె ఇల్లెక్కింది. మరుసటి ఏడు, ఊళ్ళల్లో కొట్లాటలు ఇంకా సద్దుమణగకముందే, మళ్ళీ మూటెత్తుకున్నాడు. "సంత జేసుకొని వస్త, కాయ పండితే కొయ్యకుండ్రి, నేనే కోస్త" అని పోయినవాడు పోయినట్టే పోయాడు. బల్లార్షాలో చూశామన్నారు కొందరు. నాగపూరు మిల్లులో ఉన్నాడన్నారు ఇంకొందరు. చూసిన కళ్ళు ఏవీ చంద్రవ్వ దాకా వచ్చి చెప్పలేదు.

అప్పటినుంచి తీగె చావకుండా ఆమె చూసుకుంది. కాయ కోసినప్పుడల్లా కండ కూరకు పోయేది, గింజలు ఆమెకు మిగిలేవి. గింజల్ని బూడిదతో రుద్ది, జిగురు కడిగి, చాటలో ఎండబెట్టేది. ఇంట్లో వాటికి పనేం తక్కువ! ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలతో దంచితే పొడి అయ్యేది, ఆ పొడి ఉంటే అంతయ్య రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు. పొట్టు బర్రెకు పోయేది. ఎరుపు వేసిన కుండలో అడుగున మిగిలిన రంగునీళ్ళలో ఆండాలు గింజలు నానేసి, సూదితో గుచ్చి బొమ్మకు దండ కట్టేది. పచ్చీసు ఆటలో కాయలు పోయినప్పుడు అవే కాయలు. ఎన్ని రకాలుగా వాడినా చంద్రవ్వ మాత్రం ఒక గుప్పెడు దేనికీ ఇయ్యకుండా ముంతలో దాచేది. అవి సాంబయ్యవి.

గింజ కొరకడంలో సాంబయ్యను మించినవాడు ఆ సాలెవాడలో లేడు. రెండు చేతులూ మగ్గం మీదే ఉండేవి. దవడలో పోసుకున్న గింజల్ని నాలుకతోనే ఒక్కొక్కటి ముందుపళ్ళ మధ్యకు తెచ్చేవాడు. టిక్కుమనేది. పొట్టు పెదవి మీదికి వచ్చేది, పలుకు లోపల ఉండిపోయేది. నాడె అటు పోతే ఒకటి, ఇటు వస్తే ఒకటి. వంటింట్లో ఉన్నా చంద్రవ్వకు ఆ టిక్కు వినిపించేది. ఇప్పుడు మగ్గాల అర్రలో అంతయ్య మగ్గం మోగుతుంది. అంతా మోగుతుంది, ఆ ఒక్క చప్పుడే ఉండదు.

శుక్రవారం పొద్దున్నే ఆమె ముంత చంకన పెట్టుకుని పక్కింటి ఖుద్సియా దగ్గరికి పోయింది. ఖుద్సియా బిడ్డ పురిటికి వచ్చి మొన్ననే కనింది. బాలింతకు బలానికి తాగించే హరీరా కాయాలంటే గుమ్మడి పలుకులు కావాలి. వాటిని ఆమె మగజ్ అంటుంది. ముందుగానే అడిగి ఉంచింది.

"ఇవ్వే ఉన్నయి ఖుద్సియమ్మా, నిరుటియి. సగం తీసుకో," అంది చంద్రవ్వ.

ఖుద్సియా గింజలు చాటలో పోసి, ఒక్కొక్కటి గోటితో ఒలుస్తూ, మొహం చూసింది. "ఏమైంది? కండ్లు గట్లున్నయేంది?"

చంద్రవ్వ చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు, చెప్పడం అయిపోయాక ఏడ్చింది. ఖుద్సియా ఒలిచే పని ఆపింది.

"ఒక పని జెయ్. ఐతారం దింపుతడు గదా, శనివారమే కాయ దెచ్చి నాకియ్యి. నా బిడ్డ మంచం కింద పెడ్త. బాలింత మంచం కిందికి ఎవ్వలొస్తరు? కోతులెత్తుకపోయినయని చెప్పు."

చంద్రవ్వకు ఏడుపులో నవ్వొచ్చింది. "దొంగతనం జేసి మొగన్ని కాపాడుకోవాల్నా?"

"మరి అడిగి కాపాడుకుంటవా? నీ నోట్లె నాలుకున్నదా అసలు? అడుగు పో!"

లోపలినుంచి ఖుద్సియా మొగుడు ఖాసిం వచ్చాడు. బండి తోలేవాడు. మిరపకాయల బస్తాలు వేసుకుని ఆ పొద్దే సిరొంచకు పోతున్నాడు. శనివారం సంత చూసుకుని, ఐతారం పొద్దు తిరిగేసరికి ఇల్లు చేరతాడు. ఆ మాట వినగానే చంద్రవ్వ లేచి నిలబడింది.

"ఖాసిమన్నా, జర ఆగు. నేనొక ముడి తెస్త."

ఇంటికి ఉరికి, మిగిలిన గింజల్ని మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టింది. గింజలు చిటపటమంటూ ఉబ్బుతున్నాయి. వెనక కిష్టవ్వ వచ్చి నిలబడింది.

"ఎవ్వలకవి?"

"ఖాసిమన్నకు. తొవ్వల తినెతందుకు." అబద్ధం చెప్పేటప్పుడు చంద్రవ్వ మూకుడు వైపే చూసింది.

కిష్టవ్వ ఒక గింజ తీసి, చల్లార్చి, వెనక పళ్ళ కింద పెట్టి నమిలింది. "ఉప్పు చాలలే. వానికి ఉప్పెక్కువుండాలె," అని ఉప్పు కుండ జరిపి పోయింది. ఖాసింను అత్త ఎన్నడూ వాడు అనలేదు గదా అని అప్పుడు చంద్రవ్వకు తట్టలేదు. బండి ఎద్దుల గంటలు వాకిట్లో మోగుతున్నాయి.

గింజల్ని ఎర్ర అంచు చీరె ముక్కలో ముడేసి ఖాసిం చేతిలో పెట్టింది. అది సాంబయ్య నేసిన అంచు.

"సంతల అడుగు అన్నా. పడవలోళ్ళ నడుగు, చాయ దుకాండ్లల అడుగు. సాలె సాంబయ్య, చెన్నూరోడు, ఎడమ కనుబొమ్మ మీద గాటుంటది. కనబడితే ఇది ఇయ్యి. ఇంకేం చెప్పకు. ఇది జూస్తే వానికే తెలుస్తది."

"కనబడకపోతే చెల్లె?"

ఆమె ఎద్దుల ముందునుంచి పక్కకు జరిగింది. ఖాసిం ముడిని తలపాగాలో దోపుకుని ఎద్దుల్ని అదిలించాడు.

*

శనివారం ఎట్లా గడిచిందో చంద్రవ్వకే తెలుసు. చుట్టిన కండెలు వదులయ్యాయని అంతయ్య రెండుసార్లు వెనక్కి పంపాడు. సత్తమ్మ ఇల్లలికింది, చంద్రవ్వ ముగ్గు వేస్తూ గీత మధ్యలో ఆగి వీధి వైపు చూసింది. ఏడేళ్ళుగా ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి, అయినా ఈ రెండు రోజుల చూపు వేరు. అప్పుడు రేపో మాపో అనుకునేది. ఇప్పుడు సోమవారం లోపల అనుకోవలసి వచ్చింది.

ఐతారం పొద్దు తిరిగాక ఎద్దుల గంటలు వినిపించాయి. చంద్రవ్వ కండె పడేసి ఉరికింది. ఖాసిం బండి దిగుతూ ఆమెను చూసి, తలపాగాలోంచి ముడి తీసి ఊరికే చాచాడు.

ముడి తేలికగా ఉంది.

చేతిలో పడగానే తెలిసింది, సగానికి సగం లేవు. ముడి విప్పింది, నిజమే, సగం లేవు! తిన్నాడు. చూశాడు, అంచు గుర్తుపట్టాడు, దవడలో పోసుకున్నాడు. ఆ టిక్కు చప్పుడు ఆమెకు నిజంగానే వినిపించింది.

"ఉన్నడా? ఎట్లున్నడు అన్నా? చిక్కిండా?"

ఖాసిం మొహం నల్లబడింది. అతడు ఎద్దు మెడ మీది తాడు విప్పుతున్నట్టు నటిస్తూ, ఆ తాడునే మళ్ళీ ముడేశాడు.

"చెల్లె, సంతంత తిరిగిన. పడవలోళ్ళ నడిగిన. మసీదు కాడ కూసునేటోళ్ళ నడిగిన. ఎవ్వలకు ఎరుకలే. వస్తుంటె వాన వట్టింది. పడవ రాలే. రేవు కాడ ఆకలైంది..." ఆగాడు. "నేనే తిన్న చెల్లె. ఒక్కటి నోట్లేసుకున్న, చెయ్యి ఆగలే. మాఫ్ జెయ్యి."

ఏమనుకుందో ఏమో, చంద్రవ్వ పకపకా నవ్వింది. పెద్దగా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఉప్పు సరిపోయిందా అన్నా?" అంది. ఖాసిం తల వంచుకున్నాడు. నవ్వుతూనే ఇంటి వైపు తిరిగింది, గడప దాటేసరికి ఆ నవ్వు ఏడుపైంది. మగ్గాల అర్రలోకి పోయి, చాప కప్పిన మగ్గం పక్కన, గుంట అంచున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత పిచ్చిది మనసు! ఒక గుప్పెడు గింజలు తగ్గితే మొగుడు బతికి వచ్చాడనుకుంది.

ఆమె లేచి వచ్చేసరికి అంతయ్య నిచ్చెన వేసి కాయ దింపుతున్నాడు. కాడ ఊడకుండా, రెండు చేతులా పొదివి పట్టుకుని, పసిపిల్లను దింపినట్టు దింపాడు. ముందర అర్రలో పీట వేసి దాని మీద పెట్టాడు. సత్తమ్మ తడిగుడ్డతో తుడిచి పసుపు రాసింది. అంతయ్య దానికి బొట్టు పెట్టబోయి, మరదల్ని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏడువకు చంద్రవ్వా," అన్నాడు. "నీకు నా ఇంట్ల ఏం తక్కువ జెయ్య."

తక్కువ చెయ్యడు, ఆమెకు తెలుసు. అన్నం పెడతాడు, చీరె కొంటాడు. రేపు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా ఆ తీగె మీది గుమ్మడిపువ్వు తెంపి, దాని నడిమి బొడిపెను గౌరమ్మగా బతుకమ్మ మీద నిలిపేది చంద్రవ్వే. పొద్దున కాయ ఇస్తే సాయంత్రం ఆ పువ్వు ముట్టే చెయ్యి ఆమెది కాదు. ఒకే తీగె, పొద్దటికి ఒక లెక్క, మాపటికి ఒక లెక్క. సత్తమ్మ ఆ పొద్దే గునుగుపూలు తెచ్చి నీళ్ళలో పెట్టింది. ఎప్పుడూ ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు, ఈసారి పిలవలేదు. పిలవకపోవడంలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, జాలే. ఆ జాలిని మింగడమే కష్టమైంది.

చంద్రవ్వ కాయ ముందు కూర్చుని ఒక తొన మీద వేలు ఆనించింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి కూర తొందరలో ఇటువంటి కాయ మీదనే కత్తి పెట్టబోయింది. కిష్టవ్వ గద్దలా వచ్చి కత్తి లాక్కుంది. చెంప మీద కొట్టినంత పని చేసింది. "మొగోడు లేని ఇల్లా ఇది? మొగోని చెయ్యి పడని గుమ్మడికాయను ఆడిది కోస్తదా? నా కొడుకులకు కీడు దెస్తవా?" అని అరిచింది. సాంబయ్య నవ్వుకుంటూ వచ్చి ఒక్క వేటుతో కాయను రెండు చేసి, గింజలు దోసిట్లో తీసి, "ఇవ్వి నావి, కండ మీది" అని పోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ ఆడదీ ముందు కత్తి పెట్టలేదు.

కత్తి గాటు పడ్డ కాయ పనికిరాదని ఆమెకు తెలుసు. వంటింట్లో కత్తి ఎక్కడుందో కూడా తెలుసు. కూర్చున్న చోటినుంచి లేచింది, రెండడుగులు వేసింది. కీడు ఎవరికి వస్తుంది? వస్తే సాంబయ్యకే కదా. బతికి ఉన్నాడని నమ్ముతున్న మనిషికి ఆ కీడు భయం కూడా ఉంటుంది మరి. ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.

మూల మంచం మీద కిష్టవ్వ ఆండాలును జోకొడుతోంది. కోడలు లేవడమూ చూసింది, కూర్చోవడమూ చూసింది. పిల్ల నిద్రలో పటపట పళ్ళు కొరికింది. ముసలామె చెయ్యి దాని కడుపు మీద పెట్టి అట్లాగే ఉంచింది.

*

సోమవారం తెల్లవారగానే అంతయ్య గోదారి స్నానానికి పోయాడు. తిరిగి వస్తూ అయ్యగారికి చెప్పి వస్తాడు. సత్తమ్మ మాసిన బట్టలు తీసుకుని వాగుకు పోయింది. వంటకు కొత్తనీళ్ళు కావాలని కిష్టవ్వ చంద్రవ్వ చేతికి బిందె ఇచ్చింది.

మొగుడికి నీళ్ళు విడవడానికి తన చేతులతోనే నీళ్ళు మొయ్యాలా! బాయి దగ్గర ఆడవాళ్ళు పూల ముచ్చట్లలో ఉన్నారు. తంగేడు ఎక్కడ విరగబూసిందో, ఎవరి బతుకమ్మ ఎత్తు ఎంతో చెప్పుకుంటున్నారు. "గునుగు దెచ్చినవా చంద్రవ్వా? మీ తీగెకు పువ్వున్నదా, మాకొకటియ్యరాదు?" అని ఎవరో అడిగారు. ఉన్నది అంది. బొక్కెన చేదుతుంటే నీళ్ళలో తన మొహం కనిపించింది, నుదుటి మీద ఇంత బొట్టు. నీళ్ళు కదిలి అది చెదిరిపోయేదాకా చూసి, బిందె నింపుకుని చంకనెత్తుకుంది. దారిలో ఒకచోట దించి కూర్చుంది. ఇంటికి ఎంత ఆలస్యంగా పోతే అంత మంచిదనిపించింది.

వాకిట్లో అడుగు పెట్టేసరికి పచ్చి గుమ్మడి వాసన.

కిష్టవ్వ చూరు కింద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ముందు కాయ రెండు చెక్కలై, ఎర్రటి కండ పైకి పెట్టుకుని పడి ఉంది. పక్కన కొడవలి. ముసలామె మోచేతుల దాకా జిగురు. గింజల్ని పీచులోంచి ఒక్కొక్కటే వేళ్ళతో పిండి తీసి, బూడిద ఉన్న చాటలో వేస్తోంది. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆమె గుమ్మడికాయ మీద కత్తి పెట్టడం చంద్రవ్వ చూడలేదు.

బిందె దించడం మరిచి ఆమె అట్లాగే నిలబడింది. అంతలోనే అంతయ్య తడి ధోవతితో వచ్చాడు.

"ఎవలు గోసిండ్రే గిది?"

అతడి చూపు తిన్నగా చంద్రవ్వ మీద పడింది. ఆమె నోరు తెరవకముందే కిష్టవ్వ అంది, "దానివంక ఏం జూస్తవ్? నేను గోసిన."

"అవ్వా! పెత్తరమాస కాయ గదనే!"

"కాదు. విత్తుల కాయ."

"ఆడిదాని చెయ్యి... అందుల నువ్వు..." అని అంతయ్య మాట మింగేశాడు.

"అను. ముండమోపిని అను. నా మొగడు నా కండ్ల ముందట పోయిండు, ఈ చేతులతోనే ఆయనకు ఆఖరి స్నానం పోసిన. ఆయనకియ్యి బియ్యం, ఎన్నన్న ఇయ్యి, నేను గాదన్ననా? నా కొడుకు పోయిండని నాకెవ్వలు చెప్పిండ్రు? నువ్వు జూసినవా? మీ అయ్యగారు జూసిండా?"

"మొన్న అడిగితె ఊకున్నవు గదనే!"

"ఊకున్న. నువ్వు పెద్దోనివి, పదిమందిల నీ మాట తీసేస్తే నీ మొకం చిన్నగైతదని ఊకున్న. నిన్న నువ్వు కాయకు బొట్టు పెట్టవోతివి చూడు, నా పానం ఒప్పలే బిడ్డా." జిగురు చేత్తో కోడలి దిక్కు చూపింది. "ఇది గోద్దామని లేసి, కీడని భయపడి కూసున్నది. చిన్నది, దానికి భయముంటది. కీడు తాకితే నాకే తాకాలెనని మొక్కి గోసిన. నాకింక పోయేదేమున్నది?"

అంతయ్య ధోవతినుంచి నీళ్ళు కారి ముగ్గు తడిసింది. "సంతల ఇంకోటి తెస్త," అన్నాడు చివరికి, అంత గట్టిగా కాదు.

"తే. సంతల కాయ కొనుక్కొచ్చి నీ తమ్మున్ని సాగనంపు. నేను దాన్ని గూడ గోస్త." గింజల చాట ముందుకు తోసింది. "పిల్ల నిద్రల పండ్లు గొరుకుతుంది, కడుపు రాయోలె ఉన్నది, నీ పెండ్లానికీ నీకూ కనబడ్తలేదు. కడుపుల పురుగులురా అవి. నాలుగు గింజలు బెల్లంల నూరి పరిగడుపున ఇయ్యిండ్రి. అప్పటికి తగ్గకపోతే మంచిర్యాల దవాఖానకు తీస్కపో. అన్నిటికి నా కొడుకునే దయ్యం జెయ్యకు."

అంతయ్య గడప మీద కూలబడ్డాడు. చాటలోంచి ఒక గింజ తీశాడు. తడిది, బూడిద అంటినది. ధోవతికి తుడిచి ముందుపళ్ళ మధ్య పెట్టి కొరికాడు. అది నలిగి పొట్టూ పలుకూ ఒకటైపోయింది. ఉమ్మేసి ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

"వాడెట్ల గొరికెటోడే అవ్వా," అన్నాడు. "చెయ్యి వెట్టకుంటనే... ఒక్క పలుకు గూడ ఇరగకపోయేది." తడి ధోవతి కొసతో మొహం తుడుచుకుని అట్లాగే పట్టుకున్నాడు. అయ్యగారు వచ్చినప్పుడు చాటలో బియ్యం, పప్పు, బీరకాయలు పెట్టి, తండ్రి పేరు ఒక్కటే చెప్పి ఇచ్చాడు. గుమ్మడికాయ ఏదని ఆయన అడిగితే, ఈయేడు కాయ నిలవలేదన్నాడు.

ఆయన పోయాక కిష్టవ్వ కోడల్ని పిలిచింది. కడిగిన గింజలు రెండు దోసిళ్ళు ఆమె కొంగులో పోసింది.

"బొద్దుగున్నయి ఏరి దాయి. వచ్చే యేటికి."

వచ్చే యేటికి. ఆ మాట చంద్రవ్వకు తేనెలా తియ్యగా తోచింది, ఆ వెంటనే బరువుగా దిగింది. అంటే వచ్చే ఏడు మళ్ళీ తీగె, మళ్ళీ కాయ, మళ్ళీ పెత్తరమాస. మళ్ళీ పొద్దున్నే లేచి వీధి వైపు చూడడం. అత్త కూడా తనలాగే ఇన్నేళ్ళూ చూసిందేమో, తలెత్తకుండా, బియ్యం ఏరుకుంటూ. అడుగుదామనుకుంది. అడగలేక, "సాయంత్రం గౌరమ్మకు పువ్వు తెంపాల్నా అత్తా?" అంది.

"తెంపవా మరి? నన్నడుగుతవేంది?" అని కిష్టవ్వ కసిరింది.

మధ్యాహ్నానికి గింజలు ఆరాయి. బొద్దువి ఏరి బూడిదలో కలిపి ముంతలో పెట్టింది. ఆండాలుకు నాలుగు తీసి సత్తమ్మకు ఇచ్చింది. మిగిలినవి మూకుట్లో పోసి పొయ్యి మీద పెట్టింది. మంచం మీద అటు తిరిగి పడుకున్న ముసలామె, నిద్రపోయిందనుకున్న ముసలామె, గోడ వైపే చూస్తూ అంది.

"ఉప్పు మరువకు. వానికెంత గావాల్నో నీకెరుకే గదా."

చంద్రవ్వ ఉప్పు కుండలోంచి చిటికెడు తీసి వేసింది. కాసేపు ఆగి, ఇంకో చిటికెడు వేసింది.